ఎక్కడివక్కడే

లిఫ్టు తలుపు తెరుచుకుంటే నేరుగా హాలే. మధ్యలో వరండా లేదు, పక్కింటి గుమ్మం లేదు. ఆరో అంతస్తు మొత్తం ఒకటే ఇల్లు. కింద తాళంచెవి పెట్టి తిప్పితేనే లిఫ్టు ఆ అంతస్తులో ఆగుతుంది. ఆ చెవులు మూడే. ఒకటి చనిపోయిన పెద్దాయనది, ఒకటి ఇల్లు అమ్మిపెడుతున్న బ్రోకరుది, మూడోది పెద్దాయన మేనల్లుడిది. మెట్ల వైపు తలుపుకు పెద్దాయన పోయిన రోజు లోపలి గడియ వేసే ఉంది. ఇవన్నీ గుర్తు పెట్టుకునే సూదమ్మ లోపలికి అడుగుపెట్టింది.

సూదమ్మకు అసలు పేరు వేరే ఉంది. పోలీసు ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ గుచ్చి గుచ్చి అడిగేదని తోటివాళ్ళు ఈ పేరు పెట్టారు. రిటైరై సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు తెరిచాక కూడా పేరు వదల్లేదు, ఆవిడ గుచ్చడమూ మానలేదు.

పెద్దాయన కూతురు సోఫా అంచున కూర్చుని ఉంది. పుట్టి పెరిగిన ఇంట్లో చుట్టపుచూపుగా వచ్చినదానిలా కూర్చుంది. అది ఆమె తప్పు కాదు. గోడల మీద ఆమె ఫోటో ఒక్కటి కూడా మిగల్లేదు. అలమర్లో ఎవరూ చదవని పుస్తకాలు, మంచం మీద ఎవరూ తల పెట్టని దిండ్లు, గాజు గిన్నెలో ఎవరూ కోయని నిమ్మకాయలు. అమ్మకానికి ముస్తాబు చేసిన ఇల్లు అది.

"నాకు ఒక్కటే చెప్పండి," అంది. "నాన్న పడ్డాడా, దూకాడా?"

"పోలీసులు ఏమంటున్నారు?"

"దూకాడనే. ఈ సాయంత్రం ఫైలు మూసేస్తారట." ఆమె చేతిలోని రుమాలును మడతపెట్టింది, మళ్ళీ విప్పింది. "ఒంటరిగా ఉండొద్దు, నా దగ్గరికి వచ్చేయమని ఏడాదిగా పోరుతున్నాను. ఎంతకీ కదలడు. చివరికి విసిగిపోయి, నీకు నేను కావాలా ఈ గోడలు కావాలా తేల్చుకో నాన్నా అన్నాను. రెండ్రోజులు ఫోనెత్తలేదు. తర్వాత తనే చేసి 'అమ్మేద్దాంలేమ్మా' అన్నాడు. ఇల్లు చూడ్డానికి మొదటి బేరం వచ్చే రోజే ఇలా అయింది. ఆయన దూకి ఉంటే, తోసింది నేనే కదండీ."

సూదమ్మ ఓదార్చలేదు. నిజం తెలియకుండా ఓదార్చడం అబద్ధమాడటంతో సమానమని ఆవిడ లెక్క. నడవా వైపు నడిచింది.

హాలు నుంచి ఇంటి ఆ చివరిదాకా పొడుగాటి నడవా. చివర్లో రెండు రెక్కల పాత కిటికీ. దాని అంచు మోకాలెత్తు కూడా లేదు. ఊచలు లేవు. అక్కడి నుంచే పెద్దాయన కిందికి పోయాడు. ఇంటిని ముస్తాబు చేసిన డెకరేటరు ఆ కిటికీ పక్కనే గోడకు ఆనుకుని నిలబడి ఉంది. ముప్పై దాటిన మనిషి, నిద్రలేని కళ్ళు.

"ఇంత కిందికి కిటికీ ఉంటే ఊచలు పెట్టించలేదేం?"

"పాత పేట కదా మేడమ్. బయటికి కనిపించేది ఏదీ మార్చకూడదని రూలు. మేకు కొట్టాలన్నా పర్మిషన్ కావాలి."

"మరి ఇన్నాళ్ళూ ఈ ఇంట్లోవాళ్ళు ఎలా బతికారు?"

డెకరేటరు తల దించుకుంది. "ఇక్కడ పెద్ద సొరుగుల బల్ల ఉండేది. నడుమెత్తు ఉంటుంది, నలుగురు పడితే గాని కదల్లేదు. కిటికీకి అడ్డంగా ఉండేది. ఈ కిటికీలోంచి కనిపించే గడియార స్తంభం, ఆ పాత మేడలే ఈ ఇంటికి అందం మేడమ్. కొనేవాళ్ళు దీని దగ్గరే ఆగుతారు. అందుకని బల్లను పక్కగదిలోకి తోయించాను."

"కిటికీ తెరిచారా?"

"లేదు! ముందురోజు రంగు వేయించి, బోల్టు పెట్టించి, ఆ మీద కూడా రంగు పూయించాను. ఇదిగో ఫోటో. ఆ రోజు పొద్దున నేను వెళ్ళేముందు తీశాను."

ఫోన్లో కిటికీ రెక్కలు మూసే ఉన్నాయి. సూదమ్మ వేలితో ఫోటోలు వెనక్కి జరిపింది. ముస్తాబు చేయకముందు తీసిన నడవా ఫోటో ఒకటి వచ్చింది. అందులో ఎడమ గోడ పొడవునా, నడుము ఎత్తులో, చారలాంటి మరక. హాలు దగ్గర మొదలై సొరుగుల బల్ల దాకా ఎక్కడా తెగలేదు.

"ఈ మరకేంటి?"

"ఏదో జిడ్డు మేడమ్. రెండు పూతలు వేస్తే గాని పోలేదు."

"సామాను జరిపిన సంగతి పెద్దాయనకు చెప్పారా?"

"కొంచెం సర్దాం సార్ అన్నాను. 'మంచిదమ్మా' అన్నారు. చాలా మర్యాదస్తుడు." ఆమె కాస్త తటపటాయించింది. "నేను లిఫ్టు దగ్గర నిలబడి ఉంటే, మేనల్లుడిని అడుగుతున్నారు, 'ఏమేం జరిపార్రా' అని. ఆయనేమో 'ఏమీ జరపలేదు మామయ్యా, ఎక్కడివక్కడే ఉన్నాయి' అన్నాడు. ఇల్లు అమ్మడం పెద్దాయనకు ఇష్టం లేదని మాకందరికీ తెలుసు. మనసు కష్టపెట్టడం ఎందుకని అలా అన్నాడేమో అనుకుని నేనూ నోరెత్తలేదు."

"పెద్దాయన ఎక్కడ నిలబడి అడిగారు?"

"నడవా మొదట్లో. ఈ కిటికీకి ఎదురుగానే."

సూదమ్మ నడవా ఆ చివర నుంచి ఈ చివరకు చూసింది. అంత పెద్ద బల్ల మాయమైతే, ఎదురుగా నిలబడి ఏం జరిపారని అడిగే మనిషి ఎవరు? ఆ ప్రశ్నను నాలుక కింద దాచుకుని, వంటగదిలోకి వెళ్ళింది.

మేనల్లుడు మరదలి కోసం కాఫీ కలుపుతున్నాడు. నలభై అయిదేళ్ళవాడు, నెమ్మదస్తుడు, ఏడ్చి ఏడ్చి కళ్ళు ఉబ్బి ఉన్నాయి. పెద్దాయన పేరున్న వజ్రాల పరీక్షకుడు. రాయి మంచిదని ఆయన సంతకం చేస్తే బజారులో దానికిక తిరుగులేదు. మేనల్లుడు ఆయన దగ్గరే పని నేర్చి, ఆయన దగ్గరే ఉండిపోయాడు.

"ఆ పొద్దున ఏం జరిగింది బాబూ?"

"ఏం చెప్పను మేడమ్. మామయ్య తన గదిలో కూర్చుని పేపరు చదువుతున్నారు. ఇంటి ప్రకటన పడింది, ఫోటోతో సహా. అది చదివి కళ్ళజోడు తీసి పక్కన పెట్టారు. 'మనిల్లు ఫోటోలో ఎంత బాగుందిరా' అన్నారు. కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. నాకు అప్పుడే తట్టాల్సింది."

హాల్లోంచి వెక్కిన శబ్దం వినిపించింది. కూతురు అంతా వింటూనే ఉంది.

"తర్వాత?"

"డెకరేటరు వెళ్ళిపోయింది. కాసేపటికి నేనూ కిందికి దిగి బ్రోకరు దగ్గర కూర్చున్నాను. అరగంట మాట్లాడుకుని ఉంటాం. ఇద్దరం కలిసే ఆ చప్పుడు విన్నాం."

"మీ మామయ్య రోజూ నడిచేవారా?"

"నడవాలోనే మేడమ్. పొద్దున కాఫీ తాగాక ఆ చివరికీ ఈ చివరికీ ఇరవై సార్లు. డాక్టరు చెప్పాడని. కుర్రాడిలా చకచకా నడిచేవారు." అంటూనే ఏడ్చేశాడు. ఆ ఏడుపు నటన కాదని సూదమ్మకు తెలిసింది. అదే ఆవిడను మరింత ఇబ్బంది పెట్టింది.

లిఫ్టు గంట మోగింది. బ్రోకరు తాళంచెవి తీసుకుని పైకొచ్చిన ఇన్‌స్పెక్టరు, ఒకప్పుడు సూదమ్మ దగ్గర పని నేర్చుకున్నవాడే. అందరూ అతన్ని తొందర అంటారు. అన్నానికి కూర్చున్న మరుక్షణమే చెయ్యి కడుక్కుని లేచే రకం.

"మేడమ్, నమస్తే. మీరు వచ్చారని తెలిసి ఆశ్చర్యపోలేదు," అన్నాడు. "కేసు అయిపోయింది. మనిషి దిగులు పడ్డాడు, కిటికీ తెరిచాడు, దూకాడు. తాళంచెవులున్న ఇద్దరూ కింద కలిసే ఉన్నారు. ఇంట్లో ఇంకో పురుగు లేదు. ఇంక మీరు మసిపూసి మారేడుకాయ చేయకండి."

"చేయను. ఆయన చేతి గడియారం తెచ్చావా?"

తొందర విసుగ్గా సంచీలోంచి ప్లాస్టిక్ కవరు తీశాడు. "పడ్డప్పుడు అద్దం పగిలింది."

"ముక్కలేవి?"

"రోడ్డు మీద గాజు ముక్కలు ఎవరు ఏరతారు మేడమ్?"

"చట్రంలో ఒక్క ముక్కయినా ఇరుక్కోవాలి కదా?" సూదమ్మ కవరు మీదుగానే గడియారాన్ని వెలుతురుకు తిప్పింది. "అంచు నున్నగా ఉంది. ముళ్ళ రంగు చూడు, చివర్లు అరిగిపోయాయి. ఈ అద్దం పగల్లేదు. ఎప్పుడో కావాలని తీయించారు."

"గడియారానికి అద్దం ఎవరైనా తీయిస్తారా?"

"పద, చూపిస్తాను."

ఇంట్లో ముస్తాబు చేయని గది ఒక్కటే, పెద్దాయన పడకగది. ఇల్లు చూడ్డానికి వచ్చేవాళ్ళకు కనపడకుండా దానికి తాళం పెట్టారు. కూతురు తాళం తీసింది. గది వెనక వైపు ఉంది, పట్టపగలు కూడా చీకటి. సూదమ్మ స్విచ్చి వేసింది. లైటు వెలగలేదు. తొందర సెల్‌ఫోన్ వెలుతురు పైకి కొట్టాడు. హోల్డరులో అసలు బల్బు లేదు. లోపల సాలెపురుగు గూడు కట్టి చాలాకాలమైనట్టుంది.

మంచం పక్క బల్ల మీద మందు సీసాలు. ఒకదాని మెడకు ఒక రబ్బరు బ్యాండు, ఇంకోదానికి రెండు, మూడోదానికి మూడు. చొక్కాలు తగిలించిన హ్యాంగర్లకు ముడులు వేసిన దారాలు. మూల పేపర్ల దొంతర. వేసినవి వేసినట్టే, మడత విప్పకుండా ఉన్నాయి. అన్నిటికంటే పైన, ఆయన చనిపోయిన రోజు పేపరు. దాని మడత కూడా ఎవరూ విప్పలేదు.

సూదమ్మ ఆ పేపరు ముట్టుకోలేదు. మంచం మీద కూర్చుంది. కేసుల్లో ఎన్నో శవాలను చూసిన మనిషికి ఆ రబ్బరు బ్యాండ్లను చూసి ఏడుపొచ్చింది. పమిట చెంగుతో కళ్ళు తుడుచుకుంది, ఎవరు చూసినా చూడనీ అనుకుంది.

"అమ్మా," అని కూతురిని పిలిచింది. "మీ నాన్నకు కళ్ళు కనిపించవు."

"ఏంటండీ ఆ మాట?" కూతురు దాదాపు కోప్పడింది. "నేను వస్తే నా చేతికి కాఫీ అందించేవాడు. లిఫ్టు దాకా వచ్చి సాగనంపేవాడు. మొన్న మా పాప గీసిన బొమ్మ చూసి ఎంత మెచ్చుకున్నాడు!"

"బొమ్మలో ఏముందో చెప్పాడా?"

ఆమె చాలా చిన్నగా అంది. "తలకిందులుగా పట్టుకున్నాడు. నేను నవ్వాను. తాతకి వేళాకోళం అన్నాను."

"వజ్రాలు పరీక్షించే మనిషి మేడమ్," అన్నాడు తొందర. "ఊరంతా ఆయన కంటినే కదా నమ్మింది."

"అందుకే చెప్పుకోలేకపోయాడు. కన్నే పరువు అయినవాడు కన్ను పోయిందని ఎవరితో అంటాడు?" సూదమ్మ కూతురి చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. "గడియారం అద్దం తీయించింది వేలితో ముళ్ళు తడిమి టైము తెలుసుకోవడానికే. గోడమీద ఆ మరక ఆయన చేతిది. రోజూ తడుముకుంటూ నడిచిన దారి. సొరుగుల బల్ల చేతికి తగిలితే వెనక్కి తిరిగేవాడు. ఏ గడప ఎంత ఎత్తో, ఏ కుర్చీ ఎక్కడుందో ఆయన ఒంటికి తెలుసు. నీ ఇంటికి వస్తే ఏముందమ్మా? మంచినీళ్ళ గ్లాసు కోసం కూడా నిన్ను పిలవాలి. ఆయన ఈ గోడలను పట్టుకుని వేలాడింది వాటి మీద మమకారంతో కాదు. ఈ ఇంట్లో మాత్రమే ఆయన గుడ్డివాడు కాదు."

కూతురు ఏడవలేదు. "అయినా నా కోసం అమ్మేద్దామన్నాడు," అంది.

"అన్నాడు. దూకదలచుకున్నవాడు ఏమేం జరిపార్రా అని అడగడు. నడవబోయేవాడు అడుగుతాడు."

తొందర గడ్డం గోక్కున్నాడు. "అంటే బల్ల లేక, అలవాటుగా నడుస్తూ పడిపోయాడు. ప్రమాదం. సరే, అలాగే రాసుకుంటాను. ఆ డెకరేటరు మీద..."

"ఆగు. కిటికీ మూసి ఉంటే రెక్కలకు కొట్టుకుని ఆగేవాడు. దాన్ని తెరిచిందెవరు? వెళ్ళి బోల్టు చూడు. బలవంతంగా లాగితే కొత్త రంగు పెళ్ళలుగా ఊడాలి. ఇందాక నేను చూశాను, అక్కడ అతుకు వెంబడే సన్నగా, గీత గీసినట్టు తెగింది. కత్తితో కోసినవాడికి కళ్ళు బాగా కనిపిస్తాయి."

తొందర వెళ్ళి చూసొచ్చాడు. వచ్చేటప్పుడు నడకలో ఆ వేగం లేదు.

"మేనల్లుడిని పిలవనా?" అన్నాడు.

"పిలు. నువ్వు మాత్రం లిఫ్టు తలుపుకు ఆనుకుని నిలబడు. ఈ గది తలుపు మూసెయ్. మిగతాది నేను చూసుకుంటాను."

మేనల్లుడు కాఫీ గ్లాసుతో హాల్లోకి వచ్చాడు. మరదలి ముందు గ్లాసు పెట్టి, కాస్త తాగమని బతిమాలాడు. ఆమె అతని ముఖంకేసే చూస్తోంది.

"బాబూ, ఒక చిన్న సంగతి అడగడం మరిచిపోయాను," అంది సూదమ్మ. "ఆ పొద్దున మామయ్య పేపరు ఆయన గదిలోనే చదివారన్నావు కదూ?"

"అవును మేడమ్. అది ఆయన అలవాటు."

"ఆ గది చీకటి కదా. ఎలా చదివేవారు?"

"లైటు వేసుకునే. కిటికీ లేని గది, రాత్రీ పగలూ లైటు వెలుగుతూ ఉండాల్సిందే."

కాఫీ మీద మీగడ కడుతోంది.

"నాన్న గదిలో బల్బు లేదు బావా," అంది కూతురు.

మేనల్లుడు నవ్వబోయాడు. "నిన్నో మొన్నో మాడిపోయి..."

"హోల్డరులో సాలెపురుగు గూడు కట్టుకుని ఉంది. ఆ రోజు పేపరు మడత విప్పనేలేదు. నాన్న చదివి ఏడ్చాడని నాకెందుకు చెప్పావు? మూడు రోజులుగా నేను చచ్చి బతుకుతున్నాను కదా. ఎందుకు చెప్పావు బావా?"

అతను లిఫ్టు వైపు చూశాడు. అక్కడ తొందర ఉన్నాడు. జేబుల్లో ఉన్నవన్నీ బల్ల మీద పెట్టమన్నాడు. తాళంచెవి, పర్సు, రాళ్ళ పొట్లాలు విప్పే చిన్న చాకు. తొందర రుమాలుతో పట్టుకుని చాకు తెరిచాడు. పిడి సందులో తెల్లటి రంగు పొర ఇరుక్కుని ఉంది.

"దీన్ని పారేయాలని కూడా తోచలేదా?" అన్నాడు తొందర. అడిగినట్టు లేదు, బాధపడ్డట్టుంది.

"మామయ్య ఇచ్చింది," అన్నాడు మేనల్లుడు. "నా మొదటి రాయి చూసిన రోజున."

సూదమ్మ అతని ఎదుట కూర్చుంది. "ఇన్నాళ్ళూ ఆయనకు నువ్వే కళ్ళు. నువ్వు రాయి చూసి చెప్తే ఆయన సంతకం పెట్టేవాడు. చెడ్డ రాళ్ళను మంచివని ఎన్ని చెప్పావో నీకే తెలియాలి. కూతురింటికి వెళ్తే ఒక్క పూటలో ఆయన గుట్టు బయటపడుతుంది. ఆ వెంటనే సంతకం పెట్టిన రాళ్ళన్నీ వెనక్కొస్తాయి. నువ్వు ఆయన్ని తోయలేదు. చెయ్యి కూడా వేయలేదు. కిటికీ తెరిచి, ఒక్క మాట చెప్పి కిందికి దిగావు. ఎక్కడివక్కడే ఉన్నాయి మామయ్యా, అని."

అతను తలెత్తాడు. సూదమ్మను చూడలేదు, తొందరను చూడలేదు.

"మొదట్లో ఒక్క రాయి," అన్నాడు మరదలితో. "ఒక్కటే అనుకున్నాను. నేను పాపాత్ముణ్ణే. కాదనను. కాని రెండేళ్ళు ఆయనకు గోళ్ళు తీసింది నేను. బొత్తాలు సరిచూసింది నేను. నువ్వు వచ్చినప్పుడల్లా ఏ కప్పు ఎక్కడ పెట్టాలో ముందురోజే ఇద్దరం సాధన చేసేవాళ్ళం. 'అమ్మాయికి తెలియకూడదురా' అని నాతో ఒట్టు వేయించుకున్నాడు. నువ్వు వచ్చేదానివి, అరగంట కూర్చునేదానివి, ఎప్పుడొస్తావు నాన్నా అని పోట్లాడి వెళ్ళిపోయేదానివి. ఒక్కసారి, ఒక్క క్షణం ఆయన కళ్ళలోకి చూసి ఉంటే నీకు తెలిసేది."

తొందర అతని భుజం పట్టుకుని లేపాడు. "నడువు," అన్నాడు. లిఫ్టు తలుపు మూసుకుంది.

డెకరేటరు వంటగది గుమ్మంలో కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. మీ నాన్న దూకలేదమ్మా అని చెప్పడానికి సూదమ్మ వచ్చింది, చెప్పింది. అడిగిన ప్రశ్నకు జవాబు దొరికింది. ఆ జవాబు వెనకాలే ఇంకో బరువు వచ్చి ఆ పిల్ల నెత్తిన కూర్చుంది. దాన్ని దించడం ఏ డిటెక్టివ్ వల్లా కాదు.

కూతురు లేచి నడవా మొదట్లోకి వెళ్ళింది. చెప్పులు విడిచింది. ఎడమ అరచెయ్యి గోడకు ఆనించి, కళ్ళు మూసుకుంది.

ఆమె ఏం చేయబోతోందో సూదమ్మకు అర్థమై, గబగబా నడవా ఆ చివరికి పోయి, కిటికీ రెక్కలు మూసి, బోల్టు వేసి, దానికి అడ్డంగా నిలబడింది.

మొదటి అడుగులు భయంభయంగా పడ్డాయి. తర్వాత చెయ్యి దారి పట్టింది. కొత్త రంగు కింద, ఏళ్ళ తరబడి అరిగి నున్నబడిన చోటు వేళ్ళకు తెలుస్తున్నట్టుంది. ఆమె దాన్ని వదలకుండా వచ్చింది. గోడ అయిపోయిన చోట కుడిచెయ్యి ముందుకు చాచి గాలిలో వెతికింది. అది సూదమ్మ భుజానికి తగిలింది.

"ఇక్కడేనా ఆగేవాడు?" అంది కళ్ళు తెరవకుండా.

"ఇక్కడేనమ్మా," అంది సూదమ్మ.